ఇంట్లో ఇద్దరికి షుగర్

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిచే షెడ్ల దగ్గర పెట్టిన వైద్య శిబిరంలో పర్శరాములుకూ అతని భార్య అనసూర్యకూ షుగర్ ఉందని ఒకే పూట చెప్పారు. వేలు గుచ్చి చూసిన నర్సు పర్శరాములు అంకె దగ్గర ఆగి, మిషను సరిగా పనిచేస్తుందో లేదోనని ఇంకో వేలు గుచ్చింది. రెండోసారీ మూడు వందలు దాటే వచ్చింది. తర్వాత అనసూర్యది చూసింది.

"నీకు గూడ ఉన్నదమ్మా. కాకపోతే ఇంకా మొదలే. తిండి జర చూసుకో, పొద్దుగాల నడువు, నెలనెలా వచ్చి చూపించుకో."

ఆ మాటల్లో "ఇంకా మొదలే" అన్న ముక్క ఒక్కటే వాళ్లతో పాటు ఇల్లు చేరింది. మిగిలినవి దారిలోనే జారిపోయాయి.

ఆ రాత్రి ఇల్లంతా పర్శరాములు చుట్టూనే కూర్చుంది. అందుకు కారణం లేకపోలేదు. అతని అన్న రామచంద్రం ఇదే రోగంతో చూపు పోగొట్టుకుని, గోడలు తడుముకుంటూ కొన్నేళ్లు బతికి చనిపోయాడు. ఆఖరి రోజుల్లో అన్నను చెయ్యిపట్టి బయటికి తీసుకుపోయి తెచ్చింది పర్శరాములే. ఇప్పుడు ఆ భయమంతా ఒక్కసారి వచ్చి అతని మీద కూర్చుంది. సాంచాల మీద ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషి, ఆ రాత్రి మంచం మీద చిన్నపిల్లాడిలా ముడుచుకున్నాడు.

"ఏం కాదు బాపు, ఇప్పుడు మస్తు మందులున్నయ్" అన్నాడు కొడుకు సుధాకర్. బట్టల దుకాణంలో పని చేస్తాడతను. మరునాడే ఇంట్లో చూసుకునే షుగర్ మిషను కొనుక్కొచ్చాడు. కోడలు మమతారాణి ఫోన్లో చూసి ఏం తినాలో ఏం తినొద్దో చదివి వినిపించింది. తెల్లన్నం తగ్గించాలి. జొన్నలు, పెసర్లు, ఆకుకూరలు పెంచాలి. చాయలో చక్కెర వద్దు. కల్లు అసలే వద్దు.

"జొన్నలంటే మా అవ్వకు చెప్పాల్నా" అని సుధాకర్ తల్లి వైపు చూశాడు.

అనసూర్య పుట్టిల్లు ఆదిలాబాదు పక్క బోథ్. అక్కడ జొన్న రొట్టెను భాకరి అంటారు. పెళ్లయ్యేదాకా ఆమె పెరిగింది ఆ రొట్టె మీదే. పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ ఉంటే చాలు, ఇంకో కూర అడిగేవాళ్లు కాదు. సిరిసిల్లకు కోడలుగా వచ్చాక ఇక్కడ మూడు పూటలా అన్నమే తినాలని తెలిసి కొన్నాళ్లు దిగులు పడింది. తర్వాత అలవాటైపోయింది. ఇన్నేళ్ల తర్వాత ఆ పిండి మళ్లీ చేతికి తగిలితే ఆమెకు సంతోషమే కలిగింది.

పెరట్లో కట్టెల పొయ్యి పెట్టింది. వేడి నీళ్లు పోసి పిండి కలిపి, పీట మీద అరచేత్తో తట్టి, పెనం మీద వేసి తడిచేత్తో రాసేది. రొట్టె పొంగితే ఎర్రటి నిప్పుల మీద ఒక నిమిషం నిలబెట్టేది. పర్శరాములు పక్కనే కూర్చుని ఒకటి తినేలోపు రెండోది పడేది. అతనికి పెట్టాక కొడుక్కీ కోడలికీ అన్నం వడ్డించేది. అందరూ లేచేసరికి పొయ్యి చల్లబడేది, గంజులో అడుగున అన్నం మిగిలేది. తన ఒక్కదాని కోసం మళ్లీ పొయ్యి రాజేసి, మళ్లీ పిండి కలిపి, మళ్లీ తట్టడం ఆమెకు వింతగా తోచేది. అన్నం పారేయడం అంతకంటే వింత. ఆ అడుగన్నం గిన్నెలోకి వంపుకుని, కూర గిన్నె తుడుచుకుని తినేసేది. పొద్దున పూట రాత్రి మిగిలిన సల్లన్నం ఉండనే ఉండేది.

"నువ్వు గూడ రొట్టె తినాలె గదనే" అని మొదట్లో ఒకటి రెండుసార్లు అన్నాడు పర్శరాములు.

"తింట తియ్, నాదేమున్నది, ఇంకా మొదలే గద" అంది ఆమె.

*

నడక మాత్రం ఇద్దరూ కలిసే మొదలుపెట్టారు.

తెల్లవారక ముందే లేచి మానేరు వాగు కట్ట మీదికి పోయేవాళ్లు. పెళ్లయిన నాటి నుంచీ పర్శరాములు ముందు, అనసూర్య వెనుక. అంగడికి పోయినా, పెళ్లికి పోయినా, చావుకు పోయినా అంతే. కట్ట మీద మొదటి రోజు కూడా అతను అలవాటు కొద్దీ ముందు సాగిపోయాడు. కొంత దూరం పోయి వెనక్కి చూస్తే ఆమె ఎక్కడో చిన్నగా కనబడింది. అతను నిలబడ్డాడు. ఆమె దగ్గరికొచ్చాక మళ్లీ అడుగేశాడు. తర్వాత్తర్వాత అలా నిలబడడం మానేసి, మెల్లగా పక్కనే నడవడం నేర్చుకున్నాడు.

ఆ రోజులు అనసూర్యకు బాగుండేవి. పొద్దంతా బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, వంగి కూర్చునే ఒళ్లు ఆమెది. మోకాళ్లు లేవనిచ్చేవి కావు. నడక మొదలుపెట్టిన నెలకు ఆ పట్టు కొద్దిగా వదిలింది. వాగు మీది గాలి మొహానికి తగులుతుంటే ఇద్దరూ చిన్న చిన్న మాటలు మాట్లాడుకునేవాళ్లు. తన చిన్నప్పుడు బోథ్‌లో పత్తి ఏరడానికి పోయి దారి తప్పిన సంగతి ఒకనాడు చెప్పింది. పెళ్లయి ఇన్నేళ్లయినా పర్శరాములు ఆ కథ వినలేదు. కట్ట చివరిదాకా నవ్వుతూనే నడిచాడు.

అదంతా మమతారాణి పురుడు పోసుకునేదాకా సాగింది. ఆడపిల్ల పుట్టింది. కోడలికి తల్లి లేదు కాబట్టి బాలింత పనులన్నీ అనసూర్యవే అయ్యాయి. తెల్లవారుజామున నీళ్లు కాగబెట్టాలి. పసిదానికి నూనె రాసి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయాలి. కోడలికి కారం లేని కూర వేరేగా వండాలి. సరిగ్గా నడకకు పోయే వేళే ఇంట్లో పని ముమ్మరంగా ఉండేది.

"వస్తవా?" అని గుమ్మంలో నిలబడి అడిగేవాడు పర్శరాములు.

"నువ్వు నడువు, పిల్లకు నీళ్లు పొయ్యాలె."

కొన్నాళ్లు అడిగాడు. తర్వాత అడగడం మానేశాడు. కట్ట మీద అతనికి దోస్తులు దొరికారు. ఒకాయన రిటైరైన సారు, ఇంకొకాయన కిరాణా దుకాణం ఆయన. వాళ్లతో పాటు చేతులూపుకుంటూ జోరుగా నడిచేవాడు. హవాయి చెప్పులతో నడిస్తే మడమలు పోతాయని ఆ సారు చెబితే సుధాకర్ తండ్రికి బూట్లు తెచ్చాడు. వాటి తాళ్లు కట్టుకోవడం పర్శరాములుకు చేతనయ్యేది కాదు. మొదటి వారం అనసూర్యే వంగి కట్టింది.

బిడ్డ పెద్దదయింది, పాకింది, నిలబడింది. అనసూర్య మళ్లీ కట్ట మీదికి పోలేదు. ఎందుకు పోలేదని ఎవరూ అడగలేదు. పోవాలని ఉందని ఆమె కూడా చెప్పలేదు.

*

ఆమెకు మొదట దప్పిక ఎక్కువైంది. చెంబు పక్కన పెట్టుకుని పడుకునేది. చిక్కిపోయింది. బీడీలు చుట్టేటప్పుడు దారం కట్టే చోట చూపు మసకగా ఉండేది. అరికాళ్లు మొద్దుబారి, చెప్పు కాలికి ఉందో లేదో వంగి చూసుకుంటే గాని తెలిసేది కాదు.

"కాళ్లు గోనెసంచుల పెట్టినట్టున్నయయ్యా" అంది ఒకనాడు రొట్టె తడుతూ.

"నాకు గూడ గట్లనే ఉండె. నడిస్తె మొత్తం పోయింది" అన్నాడు పర్శరాములు. అతను అబద్ధం చెప్పలేదు. నిజంగానే అతనికి పోయింది. "నువ్వు గూడ నడువు."

"గీ పనంత ఎవలు చేస్తరు?"

"జర టైం తియ్యాలె మరి. పానం కంటె ఎక్కువనా?"

అని లేచి చెయ్యి కడుక్కున్నాడు. తనకు పనికొచ్చిన మందు చెప్పాను, వాడుకోవడం ఆమె చేతిలో ఉంది అన్నట్టుగా ఉంది అతని ముఖం. అనసూర్య అతను తిన్న కంచం తీసి కడిగింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అతనే మిషను తీసి ఆమె వేలు కూడా గుచ్చాడు. వచ్చిన అంకె ఇద్దరూ చూశారు. శిబిరంలో అతనికి వచ్చిన అంకె కంటే అది పెద్దది.

"ఇప్పుడే అన్నం తింటివి గద. తిన్నంక చూస్తె గిట్లనే వస్తది. రేపు పరిగడుపున చూద్దాం" అన్నాడు.

రేపు పరిగడుపున పిల్లకు జ్వరం వచ్చింది. ఎల్లుండి బీడీలు అప్పగించే రోజు. ఆ మరునాటికి ఇద్దరూ మరిచిపోయారు. తను నిజంగా మరిచిపోయిందా అని ఆమె తర్వాత తనను తానే చాలాసార్లు అడిగింది. మరిచిపోలేదు. ఆ అంకె మళ్లీ చూడాలంటే భయమేసింది, అంతే. చూస్తే ఇంట్లో ఇంకో రోగి అవుతుంది. ఒక రోగిని చూసుకోవడానికి ఇంట్లో తను ఉంది. ఇంకో రోగిని చూసుకోవడానికి ఎవరున్నారు?

*

రెండేళ్లకు మళ్లీ శిబిరం పెట్టారు. ఈసారి పర్శరాములును పిలిచి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. అతని షుగర్ ఎప్పుడో అదుపులోకొచ్చింది. గోలీలు సగం తగ్గించారు. పొట్ట పోయి, మనిషి నిగ్గుగా తయారయ్యాడు. సాంచాల మీద పనిచేసే మిగిలిన వాళ్లకు నమ్మకం కలగాలని డాక్టరు అతని చేతికి మైకు ఇచ్చాడు.

"నాకు ముచ్చట చెప్పరాదు" అని మొదలుపెట్టి, పర్శరాములు మెల్లగా అన్నీ చెప్పాడు. "కల్లు బంద్ చేసిన. చక్కెర బంద్. పొద్దుగాల లేసి కట్ట మీద నడుస్త. వానొచ్చినా షెడ్డులనే అటూ ఇటూ తిరుగుత. రెండు పూటల జొన్నరొట్టె, ఇంత కూర. ఆకలైతె పెసర్లు. గంతే."

"రొట్టె ఎవలు చేస్తరు?" అని డాక్టరు నవ్వుతూ అడిగాడు.

"మా ఇంటామె చేస్తది. గామె లేకుంటె నేను లేను" అని జనంలోకి చెయ్యి చూపించాడు.

జనం చప్పట్లు కొట్టారు. "లేవమ్మా, అందరికీ కనబడాలె" అన్నాడు డాక్టరు. వెనుక వరసలో నేల మీద కూర్చున్న అనసూర్య సిగ్గుపడుతూ లేచింది. ముందుకు రమ్మంటే నాలుగడుగులు వేసింది. ఆమె వెనుక నేల మీద తడి మరకలు పడుతున్నాయని పక్కింటి యాదవ్వ ముందుగా చూసింది.

"అనసూర్యా, కాలుకేమైంది?"

అనసూర్య వంగి చూసుకుంది. ఏమైందో ఆమెకు తెలియదు. నర్సు వచ్చి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి కుడికాలి చెప్పు లాగితే అది తేలిగ్గా ఊడి రాలేదు. చెప్పు అడుగున తుమ్మ ముల్లు దిగి, పైకి పొడుచుకొచ్చి ఉంది. పొయ్యి కట్టెల దగ్గర ఎప్పుడో గుచ్చుకుని ఉంటుంది. ఎన్ని రోజులుగా ఆ ముల్లు మీద నిలబడి రొట్టెలు తట్టిందో ఎవరికీ తెలియదు. బొటనవేలి కింద అరికాలు గుంతపడి, చుట్టూ చర్మం నల్లగా మారింది. వాసన కూడా వస్తోంది. ఆ వాసన ఇంట్లో వారం నుంచీ ఉంది. పెరట్లో ఎలుక చచ్చిందనుకుని మమతారాణి రెండుసార్లు వెతికింది.

చప్పట్లు కొట్టినవాళ్లు చుట్టూ మూగారు. పర్శరాములు మైకు ఎవరికివ్వాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

*

కరీంనగర్ తీసుకుపోయారు. మొదట వేలు తీశారు. అది మానలేదు. తర్వాత పాదం సగం అన్నారు. ఆ మాట మీద సంతకం ఆరకముందే, విషం పైకి పాకిందని మోకాలి కింద నుంచి తీసేశారు.

వార్డులో పెద్ద డాక్టరమ్మ పాత కాగితాలు అడిగింది. సుధాకర్ సంచిలోంచి కాగితాల కట్ట తీసి ఇచ్చాడు. ఆమె ఒక్కొక్కటీ తిప్పి చూసింది. అన్నీ పర్శరాములువే.

"ఈమెవి?"

సుధాకర్ సంచిలో మళ్లీ వెతికాడు.

"ఇంట్లో ఒకరి షుగరు ఇంత మంచిగా పెట్టుకున్నారు. అదే తిండి ఈమె కూడా తింటే సరిపోయేది కదా" అంది డాక్టరమ్మ. ఆమె కోపంగా అనలేదు. నిజంగా అర్థం కాకే అడిగింది.

వాళ్లంతా బయటికి పోయాక పర్శరాములు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. దుప్పటి కింద ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా ఉంది. ఆ పల్లం వైపు చూడలేక గ్లూకోజు సీసా వైపు చూస్తూ అన్నాడు.

"నాకెరుకలేదే. గింత దాక వచ్చిందని నాకెరుకలేదు."

అనసూర్య కప్పు వైపే చూస్తోంది.

"ఎరుకలేకపోవుడేంది. మనిద్దరికి ఒక్కనాడే చెప్పిండ్రు" అంది.

పర్శరాములు తల వంచుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె అతన్ని నిందించిన సందర్భాలు లేకపోలేదు. కల్లు తాగొచ్చిన నాడు అరిచింది, పని మానేసిన నాడు ఏడ్చింది. కానీ ఇంత మెల్లగా, ఇంత ఆరిన గొంతుతో ఎప్పుడూ అనలేదు. ఆమెకే తన గొంతు కొత్తగా వినిపించింది.

*

ఇంటికొచ్చాక పర్శరాములు నడకకు పోవడం మానేశాడు. బూట్లు అటక మీద పడేశాడు. పెరట్లో కట్టెల పొయ్యి దగ్గర కూర్చుని పిండి కలిపేవాడు. నీళ్లు ఎక్కువై అంటుకుపోయేది, లేకుంటే పగిలిపోయేది. పెనం మీద వేసే లోపే రొట్టె రెండు ముక్కలయ్యేది. మాడిన ముక్కలు కంచంలో పెట్టుకుని ఆమె మంచం దగ్గరికి తెచ్చి నిలబడేవాడు. తను మాత్రం గంజు అడుగున మిగిలిన అన్నం తినేవాడు. ఏదో శిక్ష వేసుకున్నట్టు, ఆమె ముందే తినేవాడు.

కొన్ని రోజులు అనసూర్య చూసింది. అతని ముఖం మళ్లీ ఉబ్బింది. చెంబులకు చెంబులు నీళ్లు తాగుతున్నాడు. ఒక పొద్దున ఆమె లోపలికి పిలిచింది.

"గా అన్నం ఎందుకు తింటానవు?"

"నాకేమైతది."

"నీకేమైతదో నాకెరుక. మీ అన్నకేమైందో నీకెరుక. నువ్వు గూడ పడితె నన్ను ఎవలు లేపి కూసోబెడ్తరు? సుధాకర్ దుకాణం ఇడిచిపెట్టాల్నా?"

అతను పిండి అంటిన చేతులు తుడుచుకున్నాడు.

"బాధ పడితె పడు. తినేది మాత్రం తిను. బూట్లు తీసుకుని నడువు పో. ఇంట్ల ఇద్దరం పండుకుంటె చూసేటోళ్లు లేరు."

ఓదార్చాలని ఆ మాట అనలేదు ఆమె. అందులో ప్రేమ ఉందో లేదో ఆమెకే తెలియదు. ఇంటి లెక్క అది, అంతే. ఆ లెక్క వేయడం కూడా మళ్లీ తన మీదే పడింది. పర్శరాములు అటక మీది బూట్లు దించుకుని, తాళ్లు సరిగా కట్టుకోకుండానే బయటికి పోయాడు. అతని అడుగులు వీధి చివరిదాకా వినబడ్డాయి.

ఆసుపత్రిలో ఒకమ్మాయి ఆమెకు కుర్చీలో కూర్చుని చేసే కసరత్తు నేర్పింది. చేతులు పైకి లేపడం, దించడం, నీళ్ల సీసాలు పట్టుకుని మోచేతులు వంచడం, మిగిలిన కాలు ముందుకు చాపి కాసేపు ఆపడం. అనసూర్య గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని అది చేసేది. మనుమరాలు ఎదురుగా కూర్చుని తనూ చేతులు లేపేది. రెండో రోజే ఆమె చేతులు నొప్పి పెట్టాయి. అయినా చేసింది. ఎడమకాలు చాపినప్పుడు పాదం కింద అద్దం పెట్టి చూసుకునేది. ఆ పాదం కూడా తిమ్మిరిగానే ఉంది. నొప్పి తెలిసే కాలం పోయింది, ఇక మీద కళ్లతో చూసి తెలుసుకోవలసిందే అని డాక్టరమ్మ చెప్పింది. కళ్లు కూడా మసకగానే ఉన్నాయని అనసూర్య ఆమెకు చెప్పింది. పరీక్ష చేసి, లోపల నరాలు కొన్ని దెబ్బతిన్నాయని, పోయింది తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోమని అన్నారు.

ఒక సాయంత్రం మమతారాణి గంజు దించి, మామకూ భర్తకూ కంచాలు పెట్టింది. రొట్టెలు కూడా ఆమే నేర్చుకుని చేస్తోంది ఇప్పుడు. అందరికీ వడ్డించి, చివర అత్త కంచం కోసం చెయ్యి చాచింది.

"ఆగు బిడ్డా" అంది అనసూర్య. "ఇయ్యాల్టి సంది ముందుగాల నాకు పెట్టు. నేను తిన్నంక మీరు తినుండ్రి. నువ్వు గూడ వెనుక మిగిలింది తినకు, రొట్టె వేసుకుని మాతోనే కూసో."

మమతారాణి ఆశ్చర్యంగా చూసి, తర్వాత కంచం తెచ్చి ఆమె ముందు పెట్టింది. వేడి రొట్టె, పుంటికూర, పెసర్లు. పర్శరాములు, సుధాకర్ తమ కంచాల్లో చేతులు పెట్టకుండా ఎదురు చూస్తూ కూర్చున్నారు.

అనసూర్య ముక్క తుంచి కూరలో అద్ది నోట్లో పెట్టుకుంది. బుద్ధెరిగినప్పటి నుంచీ అందరూ తిన్నాక, పొయ్యి పక్కన, ఎవరూ చూడకుండా తినడమే ఆమెకు తెలుసు. ఇంతమంది చూస్తుండగా ఎలా నమలాలో తెలియలేదు. ముక్క నోట్లో అటూ ఇటూ తిరిగింది గాని గొంతు దిగలేదు. నీళ్లు తాగి మింగింది. రెండో ముక్క తుంచింది.